ఘుణాక్షర న్యాయం – బాలుర పఠనావగాహన
(కీటక విషయక పాఠాల ద్వారా అర్థగ్రహణ బోధ: ఆర్మూరు పసుపు సీమ ఉదాహరణంగా)

ప్రస్తావన

తెలుగునాట అక్షరాభ్యాసం ఒక సంస్కారం. నిజామాబాదు సీమలోని తల్లిదండ్రులు బిడ్డను గోదావరీ తీరంలోని బాసర సరస్వతీ సన్నిధికి తీసుకొనిపోయి, పళ్ళెంలో పోసిన బియ్యంలో తొలి అక్షరం దిద్దిస్తారు. కొన్ని కుటుంబాలలో ఆ అక్షరాన్ని పసుపు కొమ్ముతో వ్రాయించే ఆచారం ఉన్నది. పసుపు పంటకు పేరుపొందిన ఆర్మూరు ప్రాంతపు బాలునికి ఈ విధంగా ఇంటి పంటయే మొదటి లేఖిని అవుతున్నది.

అదే పసుపు కొమ్ము మరొక ప్రాణికి ఆహారం. నిలవ ఉంచిన కొమ్ములను రెండు మూడు మిల్లీమీటర్లకు మించని ఒక ఎర్రగోధుమ వన్నె పురుగు తొలుస్తుంది. కొమ్ముపై సన్నని రంధ్రాలు, గోనెసంచి అడుగున పొడి దానికి గుర్తులు. ఈ పురుగూ, చెక్కను తొలిచే కొన్ని పురుగులూ ఒకే కుటుంబానికి చెందినవని కీటక శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. చెక్కను తొలిచే పురుగుకు సంస్కృతంలో ఘుణమని పేరు. అది తొలిచిన గీతలు ఒక్కొక్కప్పుడు యాదృచ్ఛికంగా అక్షరాలను పోలి ఉంటాయి. పురుగు వ్రాయదలచి వ్రాసింది కాదు. వ్రాసినదాని అర్థం దానికి తెలియదు. దీనినే శాస్త్రకారులు ఘుణాక్షర న్యాయమన్నారు.

అక్షరాలను ఉచ్చరించి అర్థాన్ని గ్రహించని బాలుని పఠనం ఈ న్యాయానికి ఉదాహరణం. అక్షరాభ్యాసం నుండి అర్థాభ్యాసానికి బాలుని నడిపించడానికి పాఠశాలా సంప్రదాయంలో సిద్ధంగా ఉన్న సాధనాలు ఏవి, వాటిని కీటకాలను గూర్చిన వాస్తవ విషయ పాఠాలకు అన్వయించడం ఎట్లు అన్నది ఈ వ్యాసంలో విచారింపబడుతున్నది.

సమస్యా స్వరూపం

అర్థజ్ఞానం లేని అధ్యయనాన్ని యాస్కుడు నిరుక్తంలో బరువు మోసే స్థాణువుతో పోల్చాడు. సమస్య నేటిది కాదనడానికి ఇది చాలు. కంఠస్థం చేయడం సంప్రదాయ విద్యలో సగభాగం మాత్రమే. కంఠస్థమైన శ్లోకానికి పదచ్ఛేదం, పదార్థం, విగ్రహం, అన్వయం, ఆక్షేప సమాధానాలు చెప్పించిన తరువాతనే పాఠం ముగిసేది. కాలక్రమాన ఆ రెండవ సగం జారిపోయి, వల్లె వేయడమే సంప్రదాయమన్న అపోహ మిగిలింది.

ఆధునిక పాఠశాలలోనూ ఇదే లోపం మరొక రూపంలో కనిపించింది. డొలొరెస్ డర్కిన్ అనే అమెరికా విదుషి 1978–79లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఉపాధ్యాయులు పాఠం చదివించి ప్రశ్నలు అడుగుతున్నారే కాని, అర్థం చేసుకొనే మార్గాన్ని బోధించడానికి తరగతిలో వెచ్చించిన కాలం అత్యల్పం. అడగడం పరీక్ష, నేర్పడం బోధ. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించిన తరువాత పాశ్చాత్య దేశాలలో పఠన వ్యూహాల బోధ విస్తరించింది. 1984లో అన్‌మేరీ పాలిన్‌సర్, ఆన్ బ్రౌన్‌లు ఊహించడం, ప్రశ్నించడం, సందేహం తీర్చుకోవడం, సంగ్రహించడం అనే నాలుగు వ్యూహాలతో కూడిన పరస్పర బోధనా పద్ధతిని ప్రకటించారు. 1986లో డోనా ఓగల్ ‘తెలిసినది, తెలుసుకోదలచినది, తెలుసుకొన్నది’ అనే మూడు గడుల పట్టికను ప్రతిపాదించింది.

మన దేశంలో 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ పథకం అర్థావగాహనతో కూడిన పఠనాన్ని తన పేరులోనే చేర్చుకొన్నది. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. లక్ష్యం నిర్ణయమైంది. ఉపాధ్యాయుని చేతికి కావలసినది మార్గం.

కీటక పాఠాల ప్రయోజనం

బాలురకు కథ సహజంగా రుచిస్తుంది. కథలో తరువాత ఏమి జరిగిందన్న కుతూహలమే పఠనాన్ని ముందుకు లాగుతుంది. వాస్తవ విషయ పాఠంలో ఆ సౌకర్యం లేదు. అక్కడ కార్యకారణాలు, వర్గీకరణలు, పారిభాషిక పదాలు, పటాలు ఉంటాయి. అయితే పెద్దయిన తరువాత మనుష్యుడు నిత్యం చదువవలసినవి ఇటువంటివే: మందు సీసాపై సూచన, బ్యాంకు కాగితం, వ్యవసాయ శాఖ కరపత్రం. కాబట్టి ఈ విధమైన పఠనాన్ని బాల్యంలోనే ప్రత్యేకంగా నేర్పాలి. తెలుగులో శాస్త్ర విషయాలను సామాన్యులకు అందించాలన్న సంకల్పంతో 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి వెలసింది. ఈ ప్రాంతానికి ఆ సంప్రదాయం కొత్త కాదు.

వాస్తవ విషయాలలో కీటకాలను ఎన్నుకోవడానికి కారణం ప్రత్యక్ష ప్రమాణం. తిమింగలాన్ని గూర్చి చదివిన ఆర్మూరు బాలుడు గ్రంథాన్ని నమ్మవలసిందే. పసుపు ఆకును చుట్టుకొని లోపల దాగిన గొంగళిపురుగును గూర్చి చదివినవాడు సాయంకాలం తోటలోకి పోయి ఆ చుట్ట విప్పి చూడగలడు. శబ్ద ప్రమాణాన్ని ప్రత్యక్షంతో సరిచూచుకొనే అవకాశం దొరికినప్పుడు, గ్రంథం నిజమైన విషయాన్నే చెప్తున్నదన్న నమ్మకం బాలునికి కలుగుతుంది. అర్థగ్రహణానికి ఆ నమ్మకమే పునాది.

ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి మండలాలలో పసుపు ప్రధానమైన పంట. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉన్నది. జూన్ ప్రాంతంలో విత్తన దుంప నాటింది మొదలు జనవరి తరువాత త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టి నిజామాబాదు మార్కెట్టుకు చేర్చేవరకు ప్రతి దశలోనూ ఏదో ఒక కీటకం బాలుని కంట పడుతుంది.

పఠనానికి పూర్వం: అనుబంధ చతుష్టయం

శాస్త్ర గ్రంథాన్ని ప్రారంభించే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని నిరూపించడం సంప్రదాయం. దీనిని బాలుని స్థాయికి దించితే నాలుగు చిన్న ప్రశ్నలు అవుతాయి. ఈ పాఠం దేనిని గూర్చి? దీనిని చదివితే నాకు ఏమి తెలుస్తుంది? పేరుకూ, పటానికీ, లోపలి విషయానికీ సంబంధం ఏమిటి? దీనిని చదవడానికి నాకు ముందుగా ఏమి తెలిసి ఉండాలి?

పాఠం పేరు ‘పసుపు ఆకుచుట్టు పురుగు’ అనుకొందాం. పటంలో ఒక ప్రక్క ఆకుపచ్చని గొంగళిపురుగు, మరొక ప్రక్క తెల్లని మచ్చలు గల గోధుమ వన్నె సీతాకోకచిలుక ఉన్నాయి. పాఠం చదువక ముందే ‘పేరు పురుగుది, పటంలో సీతాకోకచిలుక ఎందుకున్నది?’ అని ఉపాధ్యాయుడు అడిగి, సమాధానం చెప్పకుండా ఊరకుండాలి. ఆ ప్రశ్న బాలునిలో జిజ్ఞాసను పుట్టిస్తుంది. పసుపు ఆకును చుట్టి తినే గొంగళిపురుగే పెరిగి సీతాకోకచిలుక అవుతుందన్న సమాధానాన్ని అతడు పాఠంలో తానే వెదకి పట్టుకొంటాడు. జిజ్ఞాసతో చదివినది జ్ఞానం అవుతుంది. అది లేకుండా చదివినది ధ్వనిగా మిగిలిపోతుంది.

పదార్థ నిర్ణయం: యోగం, రూఢి

పదానికి అవయవార్థం ఒకటి, లోక ప్రసిద్ధమైన అర్థం ఒకటి ఉంటుంది. మొదటిది యోగార్థం, రెండవది రూఢ్యర్థం. కీటక పాఠాలలో ఈ భేదం అడుగడుగునా ఎదురవుతుంది. సీతాకోకచిలుక చిలుక కాదు. గొల్లభామ భామ కాదు. కొమ్మును తొలిచే పురుగుకు ఆంగ్ల శాస్త్ర గ్రంథాలలో సిగరెట్ బీటిల్ అని పేరు. పొగాకు నిలవలలో కనిపించడం వలన ఆ పేరు వచ్చింది కాని పసుపు, ఇతర సుగంధ ద్రవ్యాలు కూడా దానికి ఆహారమే. పేరును బట్టి విషయాన్ని ఊహించి ఆగిపోయిన బాలుడు ఇటువంటి చోట పొరపడతాడు.

కొన్ని పేర్లలో మాత్రం అవయవార్థమే శాస్త్రాన్ని బోధిస్తుంది. పాఠశాలలో తొలుత వల్లించే అమరకోశంలో తుమ్మెదకు షట్పదమన్న పర్యాయం ఉన్నది. ఆరు కాళ్ళు గలదని అర్థం. కీటకానికి ఆధునిక శాస్త్రం చెప్పే ప్రధాన లక్షణాలలో ఆరు కాళ్ళు ఒకటి. తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాలు మరొకటి. అదే కోశంలో తుమ్మెదకు ద్విరేఫమన్న పేరు కూడా ఉన్నది. ఇది పురుగు శరీరాన్ని గాక ‘భ్రమర’ శబ్దంలోని రెండు రేఫలను సూచించే పేరు. ఒకే ప్రాణికి గల రెండు పేర్లలో ఒకటి వస్తువును, రెండవది శబ్దాన్ని ఆశ్రయించిందని తెలిసినప్పుడు పదాన్ని పరిశీలించే అలవాటు బాలునికి కలుగుతుంది.

లక్షణాన్ని లక్ష్యంతో సరిచూడడానికి ఆరుద్ర పురుగు చక్కని ఉదాహరణం. పసుపు నాటే రోజులలో తొలకరి వానలకు ఎర్రని పట్టువలె మెరుస్తూ నేలపై ప్రాకే ఈ ప్రాణి ఆర్మూరు బాలురకు పరిచితమే. ‘కీటకాలకు ఆరు కాళ్ళు’ అన్న వాక్యం చదివిన తరువాత ఎదిగిన ఆరుద్ర పురుగు కాళ్ళు లెక్కించమంటే ఎనిమిది కనిపిస్తాయి. వాక్యం అబద్ధమా? కాదు. ఆరుద్ర పురుగు సాలీడుతోను, తేలుతోను చేరవలసిన ప్రాణి. తెలుగులో పురుగు అనే మాట వ్యాపకం. కీటకమనే శాస్త్ర పదం వ్యాప్యం. లక్షణానికి అతివ్యాప్తి, అవ్యాప్తి దోషాలు లేకుండా చూడాలన్న తర్కశాస్త్ర నియమాన్ని పది సంవత్సరాల బాలుడు వానలో తడుస్తూ నేర్చుకోగలడు.

వాక్యార్థ బోధ: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహాన్ని బాలుర సుఖబోధ కొరకు రచించినట్లు చెప్పుకొన్నాడు. అక్కడ బాలుడంటే శిశువు కాదనీ, ఇతర విద్యలు అభ్యసించి తర్కం చదువనివాడనీ వ్యాఖ్యాతలు వివరించారు. అయినప్పటికీ వాక్యార్థ జ్ఞానానికి ఆ గ్రంథం చెప్పిన మూడు హేతువులు నేటి ప్రాథమిక తరగతికి కూడా పనికివస్తాయి.

మొదటిది ఆకాంక్ష. ఒక పదం మరొక పదాన్ని కోరడం. పాఠశాలలో శ్లోకానికి ఖండాన్వయం చెప్పించేటప్పుడు ముందుగా క్రియను పట్టుకొని, దాని నుండి ప్రశ్నలు వేస్తూ మిగిలిన పదాలను ఒక్కొక్కటిగా చేర్చేవారు. ఈ పద్ధతి తెలుగు వాక్యానికి మరింత సులభంగా కుదురుతుంది. తెలుగులో ప్రధాన క్రియ సాధారణంగా చివరనే ఉంటుంది. ఈ క్రింది వాక్యాన్ని చూడండి:

‘వానాకాలంలో లేత మొవ్వులోకి తొలుచుకొని పోయిన గొంగళిపురుగు లోపలి భాగాన్ని తినడం వలన నడిమి ఆకు వన్నె మారి ఎండిపోతుంది.’

ఎండిపోతుంది. ఏది? నడిమి ఆకు. ఏమై? వన్నె మారి. ఎందువలన? తినడం వలన. దేనిని? లోపలి భాగాన్ని. తిన్నది ఏది? గొంగళిపురుగు. ఎటువంటిది? మొవ్వులోకి తొలుచుకొని పోయినది. ఎప్పుడు పోయినది? వానాకాలంలో. ఇట్లు ఏడు ప్రశ్నలతో వాక్యం విడిపోయి మళ్ళీ కూడుకొంటుంది. మొదట ఉపాధ్యాయుడు ప్రశ్నించాలి. తరువాత బాలురు ఒకరినొకరు ప్రశ్నించాలి. చివరకు ప్రతి బాలుడూ తన మనస్సులో తానే ప్రశ్నించుకోవాలి. పరస్పర బోధనా పద్ధతి కోరే క్రమం కూడా ఇదే.

రెండవది యోగ్యత. పదార్థాల సంబంధం బాధితం కాకుండా ఉండడం. ఒక బాలుడు తన నోటు పుస్తకంలో ‘సీతాకోకచిలుక పసుపు ఆకును నమిలి తింటుంది’ అని వ్రాశాడనుకొందాం. వ్యాకరణ దోషం లేదు. కాని సీతాకోకచిలుకకు పీల్చే గొట్టం వంటి నోరే కాని నమిలే దవడలు లేవు. యోగ్యతను పరీక్షించే అలవాటు గల పాఠకుడు ఇక్కడ ఆగి, ‘ఇది పొసగడం లేదు’ అని వెనుకకు పోయి చదువుతాడు. ఆకును తిన్నది డింభక దశలోని గొంగళిపురుగు అని గ్రహించి వాక్యాన్ని సవరిస్తాడు. చదువుతున్నది తనకు అర్థమవుతున్నదా లేదా అని తానే కనిపెట్టుకోవడం పఠన వ్యూహాలలో ముఖ్యమైనది. గుడ్డు, డింభకం, కోశస్థ దశ, ప్రౌఢ దశ అనే నాలుగు రూపాలు గల ప్రాణిని గూర్చి చదివేటప్పుడు ఈ జాగ్రత్త లేకపోతే ఒక దశ ధర్మాన్ని మరొక దశకు అంటగట్టడం జరుగుతుంది.

మూడవది సన్నిధి. పదాలు ఆలస్యం లేకుండా ఒకదాని వెంట ఒకటి ఉచ్చరింపబడడం. ఒక పదాన్ని ఇప్పుడు, మరొక పదాన్ని జాము తరువాత పలికితే వాక్యార్థం తెలియదు. ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కొంటూ చదివే బాలుని స్థితి ఇదే. చివరి పదం చేరేసరికి మొదటి పదం మనస్సులో నుండి జారిపోతుంది. అతనికి తెలివి లేదనడం అన్యాయం. అతని పఠనంలో సన్నిధి లేదు. అట్టివానికి అర్థ ప్రశ్నలు వేసి వేధించడానికి బదులు అదే చిన్న పాఠాన్ని గురువు వెంట రెండు మూడు సార్లు ధారాళంగా చదివించాలి. గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలికే సంత పద్ధతికి ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉన్నది.

తాత్పర్య నిర్ణయం: దుంప ఈగ పాఠం

వాక్యాలు విడివిడిగా తెలిసినంత మాత్రాన పాఠం తెలిసినట్లు కాదు. ప్రకరణ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే ఆరు లింగాలను శాస్త్రకారులు చెప్పారు. నాలుగు, ఐదు తరగతులకు తగిన ఒక నమూనా పాఠాన్ని ఈ దృష్టితో పరిశీలిద్దాం.

‘పసుపు తోటలో నీరు నిలిస్తే దుంప కుళ్ళడానికి అవకాశం ఎక్కువ. మట్టిలోని ఒక సూక్ష్మజీవి దుంపలోకి ప్రవేశించి దానిని మెత్తబరుస్తుంది. కుళ్ళిన దుంపను చీల్చి చూస్తే తెల్లని చిన్న పురుగులు కనిపిస్తాయి. ఇవి పొడవైన కాళ్ళు గల ఒక నల్లని ఈగ పిల్లలు. పురుగు కనిపించింది కనుక కుళ్ళుకు అదే కారణమని చాలామంది అనుకొంటారు. అయితే ఈ పురుగులు కుళ్ళు పట్టిన దుంపలలోనే పెరిగాయనీ, ఆరోగ్యంగా ఉన్న దుంపలలో నిలవలేకపోయాయనీ కొన్ని పరిశోధనలు తెలిపాయి. అందువలన పురుగు మందు కొనడానికి ముందు రైతు చూడవలసినది తోటలో నీరు పోయే దారి.’

ఉపక్రమంలో నీరు నిలవడం, ఉపసంహారంలో నీరు పోయే దారి చెప్పబడ్డాయి. రెండు కొనలూ ఒకే విషయాన్ని పట్టుకొన్నాయి. కుళ్ళు అనే మాట మాటిమాటికీ రావడం అభ్యాసం. పురుగు కుళ్ళుకు కారణం కాక కుళ్ళు తరువాత వచ్చినది కావచ్చునన్న కొత్త సంగతి అపూర్వత. ముందుగా నీటిదారిని చూడడం ఫలం. ఆరోగ్యమైన దుంపలలో పురుగు నిలవలేదన్న పరిశీలన ఉపపత్తి. అర్థవాదం ఈ చిన్న పాఠంలో స్పష్టంగా లేదు. ఆరు లింగాలను ప్రతి పాఠంలోనూ బలవంతంగా వెదకనక్కరలేదు. మూడు నాలుగు ఒకే దిక్కును చూపిస్తే తాత్పర్యం నిశ్చితం.

ఈ పాఠంలో బాలురు పొరపడే చోటు ఒకటి ఉన్నది. ‘కుళ్ళుకు అదే కారణమని చాలామంది అనుకొంటారు’ అన్న వాక్యం పూర్వపక్షం. ‘అయితే’ అన్న పదం నుండి ఆరంభమైనది సిద్ధాంతం. పూర్వపక్షాన్నే పాఠం చెప్పిన మాటగా గ్రహించిన బాలుడు ప్రతి పదాన్నీ సరిగా చదివి కూడా పాఠానికి విరుద్ధమైన అర్థంతో లేస్తాడు. అతడు ఇంటికి పోయి తండ్రికి ఏమి చెప్తాడు? కుళ్ళుకు పురుగే కారణమని చెప్తాడు. తండ్రి అప్పు చేసి మందు కొంటాడు. నీరు మాత్రం తోటలో నిలిచే ఉంటుంది. ఒక్క ‘అయితే’ అన్న అవ్యయం అర్థం కాకపోవడం వలన కలిగే నష్టం ఇంతటిది. కనుక అయితే, కాని, అందువలన, అయినప్పటికీ వంటి సంబంధ వాచకాల క్రింద గీత గీయించి, వాటికి ముందున్నది ఎవరి మాట, తరువాత ఉన్నది ఎవరి మాట అని అడగడం ప్రతి పాఠంలోనూ నియమంగా ఉండాలి.

పాఠంలోని ‘కొన్ని పరిశోధనలు’ అన్న మాటను కూడా విడువరాదు. రచయిత ‘అన్ని’ అనలేదు. చెప్పినంతనే గ్రహించడం, చెప్పనిదానిని చేర్చకపోవడం పాఠక ధర్మం. మెదకు సీమలోని కొలిచెలమ వాసిగా ప్రసిద్ధుడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిదానిని వ్రాయననీ, అక్కరలేనిదానిని చెప్పననీ ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యలు రచించాడు. ‘ఈ సమాధానం నీకు పాఠంలో ఎక్కడ దొరికింది? వ్రేలు పెట్టి చూపు’ అని బాలుని అడగడం ఆ ప్రతిజ్ఞకే బాల రూపం.

ఆక్షేప సమాధానాలు: భ్రమర కీట న్యాయం

పాఠకుడు శూన్యమైన మనస్సుతో గ్రంథం వద్దకు రాడు. అతనికి ముందే తెలిసినవీ, తెలుసునని అనుకొనేవీ ఉంటాయి. ఇంటిలో విన్న మాటకూ గ్రంథంలో చదివిన మాటకూ విరోధం వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది పఠన బోధలో అతి సున్నితమైన ఘట్టం. దానికి మన శాస్త్రాలలోనే ఒక ఉదాహరణం ఉన్నది.

మట్టిగూడు కట్టే కందిరీగ ఒక గొంగళిపురుగును తెచ్చి గూటిలో మూసి ఉంచుతుంది. కొన్నాళ్ళకు గూటిని చీల్చుకొని కందిరీగ బయటకు వస్తుంది. లోపలి పురుగు భయంతో నిరంతరం భ్రమరాన్నే ధ్యానించి భ్రమరంగా మారిందని పూర్వులు భావించారు. భ్రమర కీట న్యాయమన్న పేరుతో ఇది వేదాంత గ్రంథాలలోను, హరికథలలోను, ఇండ్లలోను ప్రచారంలో ఉన్నది. కీటక శాస్త్రం చెప్పేది వేరు. కందిరీగ కొండితో గొంగళిపురుగును కదలలేని స్థితికి తెచ్చి, గూటిలో తన గుడ్డు పెడుతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్ల ఆ గొంగళిపురుగును తిని పెరిగి కందిరీగ అవుతుంది. ఫ్రాన్సు దేశానికి చెందిన జాన్ హెన్రీ ఫాబ్రే (1823–1915) ఇటువంటి గూళ్ళను ఓపికతో తెరచి చూచి, కొన్ని జాతులలో గుడ్డు గూటి కప్పు నుండి సన్నని దారంతో వ్రేలాడుతూ ఉండడాన్ని కూడా వర్ణించాడు.

ఈ విరోధాన్ని ఉపాధ్యాయుడు దాచరాదు. తాతగారి మాట అబద్ధమని బాలుని చేత అనిపించడమూ తగదు. గ్రంథం అన్యదేశీయుల మాట అని త్రోసివేయడమూ తగదు. రెండు ప్రశ్నలను వేరుచేయాలి. వేదాంతి ఈ దృష్టాంతంతో ఏమి చెప్పదలచాడు? దేనిని ఎడతెగక భావిస్తామో దాని స్వభావం మనకు అలవడుతుందని. గూటిలో నిజంగా ఏమి జరుగుతున్నది? కందిరీగ పిల్ల ఆహారం తిని పెరుగుతున్నది. మొదటిది తాత్పర్య విషయం. రెండవది ప్రత్యక్ష విషయం. ప్రత్యక్షంతో తెలుసుకోదగినదాన్ని ప్రత్యక్షంతోనే తెలుసుకోవాలనడం మన ప్రమాణ శాస్త్రానికి సమ్మతమే. దృష్టాంతంలోని లోక పరిశీలన సవరింపబడినంత మాత్రాన ధ్యాన విషయకమైన ఉపదేశం కూలిపోదు. ఈ వివేకం కలిగిన బాలుడు పెద్దలను గౌరవిస్తూనే సత్యాన్ని గ్రహించగలడు. మూడు గడుల పట్టికలో ‘తెలిసినది’ అన్న గడిలో ఇంటి మాటను వ్రాయించి, పాఠం తరువాత దాని ప్రక్కన ‘నిలిచింది’ లేక ‘మారింది’ అని అతని చేతనే వ్రాయించడం దీనికి తగిన ఉపాయం.

పాఠక్రమం

పై విచారణను అనుసరించి ఒక కీటక పాఠాన్ని ఐదు దినాలలో ఈ విధంగా నడపవచ్చు.

మొదటి దినం: పేరు, పటం చూపి అనుబంధ ప్రశ్నలు. బాలుర ఊహలను నల్లబల్లపై వ్రాయడం. తరువాత సంత పద్ధతిలో ధారాళ పఠనం.

రెండవ దినం: క్రొత్త పదాలు. యోగార్థ రూఢ్యర్థ పరిశీలన. తరగతి పదకోశంలో చేర్చడం.

మూడవ దినం: దీర్ఘ వాక్యాలకు ఖండాన్వయం. బాలురు ఇద్దరిద్దరుగా కూర్చొని ప్రశ్నోత్తరాలు జరపడం. పొసగని వాక్యాలు ఇచ్చి యోగ్యతను పరీక్షింపజేయడం.

నాలుగవ దినం: ప్రత్యక్ష పరిశీలన. తోటలోనో, ఇంటిలో నిలవ ఉన్న కొమ్ముల వద్దనో చూచి రావడం. ఈ పనికి పెద్దల తోడు ఉండాలి. కందిరీగ గూటిని తాకరాదు. మందు చల్లిన తోటలోకి పోరాదు.

ఐదవ దినం: ఆక్షేప సమాధానాలు, తాత్పర్య నిర్ణయం. పాఠ సారాన్ని మూడు వాక్యాలలో చెప్పించడం. చూచినది పాఠంతో సరిపోయిందా లేదా అని వ్రాయించడం.

ఈ క్రమంలో ఒక జాగ్రత్త అవసరం. ఆకాంక్ష, యోగ్యత, ఉపపత్తి వంటి పారిభాషిక పదాలు ఉపాధ్యాయునికి దారి చూపడానికే. బాలుని చేత వాటి లక్షణాలను వల్లింపజేస్తే అది మరొక ఘుణాక్షరమే అవుతుంది. అతనికి కావలసినవి ‘ఎవరు, ఎందుకు, ఎక్కడ ఉన్నది, పొసగుతున్నదా’ అన్న చిన్న మాటలు. వ్యూహం సాధనం, పాఠార్థం సాధ్యం. కొన్ని మాసాల అభ్యాసం తరువాత ప్రశ్నలు పైకి వినిపించకుండా బాలుని మనస్సులోనే నడవాలి.

ఉపసంహారం

2025 జనవరి 14న నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. వంగడాలు, తెగుళ్ళు, నిలవ, ఎగుమతులను గూర్చిన సూచనలు ఇకపై ఈ ప్రాంతపు ఇండ్లకు మరిన్ని రాగలవు. అవి అక్షరాలలోనే వస్తాయి. అనేక కుటుంబాలలో వాటిని పెద్దలకు చదివి వినిపించేది బడికి పోయే పిల్లవాడో, పిల్లదో. ఆ బిడ్డ నోట వెలువడేది ఉచ్చారణ మాత్రమే అయితే కుటుంబానికి అక్షరం వచ్చింది కాని విద్య రాలేదు.

కొమ్మును తొలిచే పురుగుకు తాను వ్రాసినది తెలియదు. తెలియవలసిన అవసరమూ దానికి లేదు. కొమ్ము చేతబట్టి బియ్యంలో అక్షరం దిద్దిన బిడ్డకు ఆ అవసరం ఉన్నది. పదాన్ని విడదీయడం, వాక్యాన్ని కూర్చడం, పూర్వపక్షాన్ని సిద్ధాంతం నుండి వేరుచేయడం, విన్నదానిని చూచినదానితో సరిపోల్చడం అనే నాలుగు పనులు మన పాఠశాలలు శతాబ్దాలుగా చేయించినవే. వాటిని శ్లోకాల నుండి గొంగళిపురుగు పాఠానికి తెచ్చినంత మాత్రాన శాస్త్రానికి లాఘవం కలుగదు. బాలుర సుఖబోధకు వినియోగపడినప్పుడే శాస్త్రం సార్థకం.